జెస్ట్ కస్టమ్ రిపోర్టర్: లోకల్‌లో వచ్చే రిపోర్ట్ సీఐలో ఎందుకు రావట్లేదు?

జెస్ట్ అంటే జావాస్క్రిప్ట్ కోడ్‌కి టెస్టులు నడిపే టూల్, కస్టమ్ రిపోర్టర్ అంటే ఆ టెస్టుల ఫలితాలను మనకు కావాల్సినట్టు రిపోర్ట్ చేయడానికి మనం రాసుకునే క్లాస్, సీఐ అంటే టెస్టులను మన మెషీన్‌లో కాకుండా సర్వర్‌లో ఆటోమేటిక్‌గా నడిపే ఏర్పాటు. రిపోర్టర్ క్లాస్ రాయడం, కాన్ఫిగ్‌లో దాని పాత్ ఇవ్వడం మీకు వచ్చనే అనుకుంటున్నా. "నా రిపోర్టర్ పనిచేయట్లేదు" అని ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: అసలు జెస్ట్ దాన్ని లోడ్ చేస్తోందా? ఇది చూడకుండానే క్లాస్ లోపల గంటల తరబడి వెతికేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది, అందుకే ఇది రాస్తున్నా.

సమస్య: ఏమీ జరగట్లేదు, ఎర్రర్ కూడా లేదు

షోకాన్ఫిగ్ ఫ్లాగ్‌తో జెస్ట్‌ను ఒకసారి నడపండి. టెస్టులు రన్ అవవు, కాన్ఫిగ్ మొత్తం ప్రింట్ అవుతుంది. అందులో గ్లోబల్ కాన్ఫిగ్ కింద రిపోర్టర్స్ దగ్గర మీ ఫైల్ కనిపించాలి. కనిపించకపోతే ప్యాకేజ్ జేసన్‌లోని టెస్ట్ స్క్రిప్ట్ చూడండి, అక్కడ ఎవరో రిపోర్టర్స్ ఫ్లాగ్ ఇచ్చి ఉంటారు. కమాండ్ లైన్‌లో ఇచ్చినది కాన్ఫిగ్‌లో ఉన్నదానికి తోడవదు, దాని స్థానంలోకి వచ్చేస్తుంది. అదీ కాదంటే, జెస్ట్‌లోని ప్రాజెక్ట్స్ ఆప్షన్‌తో చాలా ప్రాజెక్టులను కలిపి నడిపే రిపోలో ఒక్కో ప్రాజెక్ట్ కాన్ఫిగ్‌లో రిపోర్టర్స్ రాసి ఉంటారు. అది గ్లోబల్ ఆప్షన్, రూట్ కాన్ఫిగ్‌లో ఉంటేనే పనిచేస్తుంది.

సమస్య: మన రిపోర్ట్ వస్తోంది, టెర్మినల్‌లో మామూలు అవుట్‌పుట్ పోయింది

రిపోర్టర్స్ లిస్టులో 'డిఫాల్ట్' కూడా చేర్చండి. అంతే.

సమస్య: రిపోర్ట్‌లో ఫెయిల్ అయినవి సున్నా, బిల్డ్ మాత్రం ఫెయిల్

ఒక టెస్ట్ ఫైల్ లోడ్ అయ్యేటప్పుడే పడిపోయింది: ఇంపోర్ట్ దొరకలేదు, లేదా సింటాక్స్ తప్పు. అలాంటి ఫైల్‌కి టెస్ట్ రిజల్ట్స్ అర్రే ఖాళీగా ఉంటుంది, అసలు ఎర్రర్ టెస్ట్‌ఎగ్జెక్‌ఎర్రర్‌లో ఉంటుంది. మీ లూప్ ఒక్కో టెస్ట్ మీదే తిరుగుతుంటే ఆ ఫైల్ మీ రిపోర్ట్‌లో లేనట్టే. దాన్ని విడిగా చెక్ చేసి ఫెయిల్‌గా రాయండి.

సమస్య: లోకల్‌లో రిపోర్ట్ బాగానే వస్తుంది, సీఐలో రాదు, లేదా సగమే వస్తుంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. టెస్టులన్నీ పాస్, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, రిపోర్ట్ మాత్రం సర్వర్‌కి చేరలేదు. ఫోల్డర్ పర్మిషన్లు చూశాను, కంటైనర్ మార్చాను, నెట్‌వర్క్ వాళ్లను అడిగాను. రెండు రోజులు పోయాక తెలిసింది, తప్పు నా రిపోర్టర్‌లోనే ఉంది.

టెస్టులన్నీ అయ్యాక జెస్ట్ పిలిచే ఆన్‌రన్‌కంప్లీట్ మెథడ్ ప్రామిస్ (తర్వాత పూర్తయ్యే పనిని సూచించే ఆబ్జెక్ట్) రిటర్న్ చేస్తే అది పూర్తయ్యేదాకా జెస్ట్ ఆగుతుంది. నా మెథడ్ ముందు ఎసింక్ అని ఉంది, అలా ఉంటే అది ప్రామిస్‌నే రిటర్న్ చేస్తుంది కాబట్టి కోడ్ రివ్యూలో కూడా ఎవరికీ అనుమానం రాలేదు. కానీ లోపల టెస్ట్ రిజల్ట్స్ మీద ఫర్‌ఈచ్ పెట్టి, దానికి ఒక ఎసింక్ ఫంక్షన్ ఇచ్చి, అందులో అప్‌లోడ్‌ని అవెయిట్ చేశాను, అంటే అది పూర్తయ్యేదాకా ఆగమన్నాను. ఫర్‌ఈచ్ ఆ ప్రామిస్‌లను పట్టించుకోదు, వదిలేస్తుంది. అంటే అప్‌లోడ్‌లు ఇంకా దారిలో ఉండగానే మెథడ్ అయిపోయిందని జెస్ట్ అనుకుంటుంది.

మరి లోకల్‌లో ఎలా వచ్చింది? కనెక్షన్ తెరిచి ఉన్నంతసేపు నోడ్ ప్రాసెస్ ఆగదు కాబట్టి అప్‌లోడ్ ఎలాగోలా పూర్తయ్యేది. సీఐ కమాండ్‌లో మాత్రం ఫోర్స్‌ఎగ్జిట్ ఫ్లాగ్ ఉంది, దానితో రన్ అయిపోగానే జెస్ట్ ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఆ ఫ్లాగ్ అక్కడికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. టెస్టులు అయిపోయి ఒక సెకను దాటినా జెస్ట్ ఎగ్జిట్ కాలేదని ఒక వార్నింగ్ వచ్చేది, అది పోవడానికి టీమ్‌లో ఎవరో పెట్టారు. తీరా చూస్తే ఆ సెకను దాటేదాకా ప్రాసెస్‌ను పట్టుకుని ఉన్నది నా అప్‌లోడే. వార్నింగ్ బగ్‌నే చూపిస్తోంది, మేం దాని నోరు మూసేశాం.

కనిపెట్టడం తేలిక. సీఐలో ఉన్న కమాండ్‌ను అక్షరం మార్చకుండా మీ మెషీన్‌లో నడపండి. ఒక్కో అప్‌లోడ్ తర్వాత "పంపాను" అని, మెథడ్ చివరి లైన్‌లో "అయిపోయింది" అని ప్రింట్ చేయండి. "పంపాను" కంటే ముందే "అయిపోయింది" వస్తే, లేదా "పంపాను" అసలు రాకపోతే, దొంగ దొరికినట్టే.

సరిచేయాలంటే ఫర్‌ఈచ్ తీసేసి మ్యాప్ పెట్టి, వచ్చిన ప్రామిస్‌లను ప్రామిస్ డాట్ ఆల్‌తో అవెయిట్ చేయండి. ఒకదాని తర్వాత ఒకటి వెళ్లాలంటే ఫర్-ఆఫ్ లూప్‌లో అవెయిట్ చాలు. ఒక్కో టెస్ట్ ఫైల్ అయ్యాక పిలుపు వచ్చే ఆన్‌టెస్ట్‌రిజల్ట్‌లో మొదలుపెట్టి వదిలేసిన పనులుంటే వాటి ప్రామిస్‌లను క్లాస్‌లో ఒక అర్రేలో దాచి, చివర్లో అన్నిటి కోసం ఆగండి. ఫైల్‌ని రైట్ స్ట్రీమ్‌తో రాస్తుంటే ఎండ్ పిలిస్తే సరిపోదు, ఫినిష్ ఈవెంట్ వచ్చేదాకా ఆగాలి. చిన్న ఫైలైతే రైట్‌ఫైల్‌సింక్ వాడేయండి, తలనొప్పి ఉండదు. మెథడ్ చివర్లో సెట్‌టైమౌట్ పెట్టి ఐదు సెకన్లు ఆగుదామని మాత్రం చూడకండి, దాన్ని అవెయిట్ చేయకపోతే ప్రాసెస్‌తో పాటు ఆ టైమర్ కూడా పోతుంది.

ఒక జాగ్రత్త: ఇప్పుడు జెస్ట్ నిజంగా ఆగుతుంది కాబట్టి, అవతలి సర్వర్ జవాబివ్వకపోతే బిల్డ్ వేలాడుతుంది. అప్‌లోడ్‌కి టైమౌట్ పెట్టండి. రిపోర్ట్ వెళ్లకపోతే బిల్డ్ ఫెయిల్ కావాల్సిందే అనుకుంటే గెట్‌లాస్ట్‌ఎర్రర్ మెథడ్ నుంచి ఎర్రర్ రిటర్న్ చేయండి. ఇదంతా అయ్యాక ఫోర్స్‌ఎగ్జిట్ తీసేసి చూడండి. వార్నింగ్ ఇంకా వస్తుంటే డిటెక్ట్‌ఓపెన్‌హ్యాండిల్స్‌తో నడిపి, ప్రాసెస్‌ను ఇంకేం పట్టుకుందో వెతకాలి.

అరుదుగా వచ్చేవి

టెస్ట్‌లో సెట్ చేసిన గ్లోబల్ వేరియబుల్ రిపోర్టర్‌లో కనిపించదు, రెండూ నడిచే చోట్లు వేరు. డేటాను ఫైల్ ద్వారా పంపుకోండి. ఒక్కో టెస్ట్ అయ్యాక రావాల్సిన ఆన్‌టెస్ట్‌కేస్‌రిజల్ట్ పిలుపే రాకపోతే మీ ప్రాజెక్ట్ ఇంకా పాత జాస్మిన్ రన్నర్ (జెస్ట్ లోపల టెస్టులను నడిపే భాగం) మీద ఉందేమో చూడండి. జెస్ట్ 27 నుంచి డిఫాల్ట్ రన్నర్ సర్కస్, అందులో వస్తుంది.