క్లబ్ లెక్కలు చదవడం, 5వ పాఠం: ఒక్క పౌండుకు క్లబ్ ఎలా వస్తుంది?

ఈ పాఠం ఆటగాళ్ల జీతాల మీద అనుకున్నాం. అది ఆరో పాఠానికి జరిగింది. పోయినసారి చివర ఇచ్చిన ప్రశ్నకు మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు పోబుద్ధి కాలేదు.

ప్రశ్న చిన్నదే. 2018 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని బరీ ఫుట్‌బాల్ క్లబ్‌ను స్టీవ్ డేల్ 1 పౌండుకు కొన్నాడు. ఎందుకంత తక్కువ? "కారుచౌకగా కొట్టేశాడు" అని సగం మంది రాశారు. "పాత ఓనరు మంచితనంతో ఇచ్చేశాడు" అని ఇంకొందరు. ఒకరైతే అభిమానులు తలా ఒక పెన్నీ వేసుకుని కొనుక్కోవాల్సిందని రాశారు. కొనుక్కుని ఉంటే మర్నాడు పొద్దున్నే అప్పులవాళ్లు వాళ్ల గుమ్మం ముందు ఉండేవాళ్లు.

క్లబ్ కొనడమంటే ఆ కంపెనీ షేర్లు కొనడం. కంపెనీ ఎవరి చేతికి వస్తే అప్పులూ, బకాయిలూ, తాకట్టులో ఉన్న మైదానమూ వాళ్ల చేతికే వస్తాయి. ఆస్తులకు మించి అప్పులుంటే షేరు విలువ సున్నా. కాగితం మీద ఏదో ఒక ధర ఉండాలి కాబట్టి 1 పౌండు అని రాసుకుంటారు. కాబట్టి ఆ అంకె కనబడగానే ధర సంగతి వదిలేసి, దాని వెనక ఎంత బరువుందో చూడాలి. బరీ ఆ బరువు మోయలేకపోయింది. 2019లో పై డివిజన్‌కు ఎక్కిన కొద్ది నెలలకే, ఆగస్టు 27న, లీగ్ దాన్ని బహిష్కరించింది. 1894 నుంచి లీగ్‌లో ఉన్న క్లబ్ అది, ఇంగ్లండ్ క్లబ్‌ల నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్‌ఏ కప్‌ను రెండుసార్లు గెలిచింది.

అప్పులవాళ్లంటే బ్యాంకులే అనుకోకండి. 2010లో పోర్ట్స్‌మత్ కూలినప్పుడు బాకీల జాబితాలో మ్యాచ్‌ల దగ్గర ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ కూడా ఉంది. అంతకు రెండేళ్ల ముందే ఆ క్లబ్ ఎఫ్‌ఏ కప్ ఎత్తింది.

ఇంకో 1 పౌండు కథ చూద్దాం, ఇది నాకు ఇష్టమైన ఉదాహరణ. 2011 మేలో స్కాట్లండ్‌లోని గ్లాస్గో రేంజర్స్‌ను క్రెయిగ్ వైట్ 1 పౌండుకు తీసుకున్నాడు. క్లబ్ బ్యాంకుకు కట్టాల్సిన 1.8 కోట్ల పౌండ్లు తీర్చడం షరతు. తీరింది కూడా. తీర్చిన డబ్బు ఎక్కడిది? రాబోయే సీజన్ల టికెట్లను ముందుగానే ఒక సంస్థకు అమ్మి తెచ్చాడు. అంటే అభిమానులు వచ్చే ఏళ్లలో కట్టబోయే డబ్బుతోనే వాళ్ల క్లబ్ చేతులు మారింది. రేపటి రాబడి ఇవాళే ఖర్చయిపోయాక రోజువారీ ఖర్చులకు ఏం మిగులుతుంది? పన్నులు కట్టడం ఆగింది. 2012 ఫిబ్రవరి 14న క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పులు తీర్చలేని కంపెనీని బయటి నిర్వాహకులు నడిపే స్థితిలోకి, వెళ్లింది. ఆ వేసవిలో పన్నుల శాఖ రాజీ ఒప్పుకోకపోవడంతో పాత కంపెనీ లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసేసే దశకు, పోయింది. కొత్త కంపెనీ కింద జట్టు నాలుగో అంచె నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. వైట్ మీద మోసం కేసు నడిచింది, 2017లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. ఈ పాఠాల్లో నేరం ఎవరిదో తేల్చడం మన పని కాదు. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూస్తాం, అంతే.

ఇక నాకు చిరాకు తెప్పించే మాట దగ్గరికి వస్తాను. "ఓనరు ఇన్ని కోట్లు పెట్టాడు." మీ జవాబుల్లో పదకొండుసార్లు లెక్కపెట్టాను. పెట్టాడు సరే, ఏ గడిలో పెట్టాడు?

ఓనరు 1 కోటి పౌండ్లు తెచ్చాడనుకుందాం. దానికి షేర్లు తీసుకుంటే ఆ డబ్బు క్లబ్‌ది. మళ్లీ కావాలంటే ఆ షేర్లు కొనేవాణ్ని వెతుక్కోవాలి. అదే 1 కోటి అప్పుగా ఇస్తే, క్లబ్ ఆయనకు బాకీ పడింది. వడ్డీ లేదా? మంచిదే, అయినా బాకీ బాకీయే. వడ్డీ ఉందా? అప్పుడు ఆయనకది పెట్టుబడి కాదు, వ్యాపారం. వడ్డీతో పాటు మైదానం తాకట్టు కూడా రాయించుకున్నాడా? అప్పుడు క్లబ్ మునిగినా ఆయన మునగడు. మిగతావాళ్లకంటే ముందు ఆయనే తీసుకుంటాడు. నాలుగు సందర్భాల్లోనూ విలేకరుల సమావేశంలో చెప్పే మాట మాత్రం ఒక్కటే: "1 కోటి పెట్టాను."

చెల్సీనే తీసుకోండి. దాని ఓనరు అబ్రమోవిచ్ 19 ఏళ్లు డబ్బు కుమ్మరించాడని అందరూ అన్నారు. లెక్కల్లో అది దాదాపు 150 కోట్ల పౌండ్ల అప్పు. 2022లో క్లబ్ అమ్మినప్పుడు ఆ అప్పు మాఫీ అయింది కాబట్టి కథ సుఖాంతం. మాఫీ కాకపోతే? ఒక మనిషి మనసు మీద 19 ఏళ్లు నడిచిన క్లబ్ అది. మాంచెస్టర్ యునైటెడ్‌లో జరిగింది దీనికి తలకిందులు. 2005లో గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్లకు క్లబ్‌ను కొన్నప్పుడు, కొనడానికి చేసిన అప్పులో పెద్ద భాగం క్లబ్ నెత్తినే పడింది. అప్పటిదాకా అప్పు లేని క్లబ్ ఆ తర్వాత ఏటా వడ్డీ కడుతూ వచ్చింది. ఇందులో ఓనరు పెట్టినదెంత, క్లబ్ పెట్టినదెంత? మీరే చెప్పండి.

స్టేడియం అమ్మకం గురించి రెండు ముక్కలు. 2018లో డెర్బీ కౌంటీ తన ప్రైడ్ పార్క్‌ను 8 కోట్లకు పైగా పౌండ్లకు అమ్మింది. కొన్నది ఓనరు మెల్ మోరిస్ సొంత కంపెనీ. ఆ అమ్మకం మీద చూపిన లాభం 3.99 కోట్లు, ఆ ఏడాది మొత్తం లాభం 1.46 కోట్లు. తీసివేత మీరే చేయండి. 2021లో క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లో పడేసరికి మైదానం క్లబ్ పేరు మీద లేదు. కొనడానికి వచ్చినవాళ్లకు ఇల్లొకరిది, సామానొకరిది అన్నట్టయింది. చివరికి 2022లో డేవిడ్ క్లౌస్ ముందు మైదానం కొని, ఆ తర్వాతే క్లబ్ తీసుకున్నాడు. ఆలోపు 21 పాయింట్ల కోత పడి జట్టు కింది డివిజన్‌కు జారిపోయింది.

నేనైతే లెక్కలు వెనక నుంచి చదువుతాను. ఛైర్మన్ రాసిన ముందుమాట అసలు చదవను. తిన్నగా చివరి నోట్స్‌కి పోయి "సంబంధిత పక్షాలతో లావాదేవీలు" (అంటే ఓనరుతో, ఆయన ఇతర కంపెనీలతో జరిగినవి) అన్న నోటు, తర్వాత ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పుల నోటు, ఆ తర్వాత ఖాతా సంవత్సరం ముగిశాక జరిగిన సంగతుల నోటు చూస్తాను. లాభనష్టాల పేజీకి చివర్లో వస్తాను. ఇది పుస్తకాల్లో చెప్పే వరుస కాదు. పరీక్షకు చదివేవాళ్లు నన్ను అనుసరించకండి.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, వారం పడుతుంది. బ్రిటన్ కంపెనీల రిజిస్టర్ అయిన కంపెనీస్ హౌస్‌లో లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. మీకు నచ్చిన ఒక ఇంగ్లిష్ క్లబ్ ఎంచుకుని అయిదేళ్ల లెక్కలు దించుకోండి. ప్రతి ఏడాదికీ ఓనరు నుంచి వచ్చిన డబ్బును నాలుగు గడుల్లో రాయండి: షేర్లు, వడ్డీ లేని అప్పు, వడ్డీ ఉన్న అప్పు, తాకట్టు ఉన్న అప్పు. తాకట్ల జాబితా అదే చోట వేరే విభాగంలో ఉంటుంది, దాన్ని వదలొద్దు. క్లబ్ పైన హోల్డింగ్ కంపెనీ (క్లబ్ షేర్లు చేతిలో ఉన్న కంపెనీ) ఉంటే దాని లెక్కలు కూడా తీయాలి. రెండు కంపెనీలుంటే రెండు, అయిదుంటే అయిదు. స్థిరాస్తుల నోటులో మైదానం కనబడకపోతే అక్కడే ఆగి, అది ఏ కంపెనీ పేరు మీద ఉందో, ఆ కంపెనీ డైరెక్టర్లు ఎవరో, క్లబ్ వాళ్లకు ఏటా ఎంత అద్దె కడుతోందో పట్టుకున్నాకే మిగతా గడులు నింపండి.