వినడం నేర్చుకుందాం – మూడో పాఠం: క్రియ వచ్చేదాకా ఆగండి

పోయిన వారం ఇచ్చిన అభ్యాసం చేశారా? ఒక రోజంతా ఎదుటివారి మాటకు ఎన్నిసార్లు అడ్డుపడ్డామో చిన్న కాగితం మీద గీతలు పెట్టుకోమన్నాను. నేనూ పెట్టుకున్నాను. మధ్యాహ్న భోజనం వేళకే పదకొండు గీతలయ్యాయి. ఆ తర్వాత కాగితం ఎక్కడో పారేసుకున్నాను. కాదు, నిజం చెప్పాలి. జేబులోనే ఉంది, తీయబుద్ధి కాలేదు.

ఫోను పక్కన పెట్టడం, ముఖం చూస్తూ వినడం మొదటి రెండు పాఠాల్లో అయిపోయాయి. అవి తేలికే. ఈ వారం నేర్చుకోవలసింది ఆగడం.

తెలుగులో ఆగడానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. మన వాక్యంలో అసలు తీర్పు చివర వస్తుంది. "నాకు ఈ ఉద్యోగం మానేయాలని..." అని ఒకరు మొదలుపెట్టారనుకోండి. ఆ తర్వాత "ఉంది" రావచ్చు, "లేదు" రావచ్చు, "ఉండేది, ఇప్పుడు ఆ ఆలోచన పోయింది" అనీ రావచ్చు. "మానేయాలని" దగ్గరే మీరు "ఈ రోజుల్లో ఉద్యోగం మానడమా!" అని అందుకుంటే, ఆయన అనని మాటకు జవాబు చెప్పినట్టే. ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పుకురావాలి, లేదంటే "ఏమీ లేదులెండి" అని ఊరుకోవాలి. చాలామంది ఊరుకుంటారు.

ఈ తొందర మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు. ఒకరు ఆపడానికి, ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఎంత వ్యవధి ఉంటుందో పది భాషల సంభాషణల్లో కొలిచి 2009లో ఒక పరిశోధక బృందం ప్రచురించింది. సగటున సెకనులో ఐదో వంతు. ఒక్క మాట తలచుకుని పైకి అనడానికే అర సెకను పడుతుంది. లెక్క వేసుకోండి: ఎదుటివారు మాట్లాడుతుండగానే మనం లోపల జవాబు వండుతున్నాం. పొయ్యి మీద దృష్టి ఉన్నవారికి గుమ్మంలో ఎవరు ఏమంటున్నారో సగమే వినబడుతుంది.

ఎంతసేపు ఆగాలి? మూడు సెకన్లు. ఈ అంకె నేను కల్పించింది కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతి గదులను గమనించి, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సుమారు ఒక సెకనే ఆగుతున్నారని తేల్చారు. దాన్ని మూడుకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అసలు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. ఆవిడ చూసింది బడి. నేను వంటింట్లో ప్రయత్నించాను.

మార్చి నెలంతా మా అమ్మ "మోకాళ్లు నొప్పిగా ఉన్నాయిరా" అంటూనే ఉంది. మొదటిసారి "డాక్టరు దగ్గరికి వెళదామమ్మా" అన్నాను. మర్నాడు "తైలం తెచ్చానుగా, రాసుకున్నావా?" అన్నాను. ఆ తర్వాత విసుక్కున్నాను కూడా. ఒక సాయంత్రం ఆమె బూడిద గుమ్మడికాయ ముందు పెట్టుకుని కూర్చుంది. కత్తిపీట పక్కనే ఉంది, కాయ మాత్రం కోయలేదు. మళ్లీ మోకాళ్ల మాటే ఎత్తింది. నోటిదాకా వచ్చిన తైలాన్ని మింగేశాను. ఒకటి, రెండు, మూడు. కుక్కరు ఒక కూత వేసింది. అప్పుడు అంది: "నొప్పిదేముంది, ఎప్పుడూ ఉండేదే. మన లిఫ్టు డాబా మీదికి పోదు కదా. ఈ ఏడు వడియాలు పెట్టకపోతే మీరంతా ఏమనుకుంటారో అని."

ఇన్నాళ్లుగా ఆమె అడుగుతున్నది సెలవు. నేనేమో తైలం ఇస్తున్నాను.

ఒక జాగ్రత్త. ఆగమన్నాను కదా అని రాయిలా కూర్చోకండి. మన ఇళ్లలో కథ చెప్పేవారికి ఊ కొట్టాలి, ఊ ఆగిందంటే "నిద్రపోయావా?" అని అడుగుతారు. ఫోనులో అయితే మరీను. కాబట్టి ఊ కొట్టండి, వేగం మాత్రం చూసుకోండి. "ఊ, ఊ, ఊ" అని మూడు వరసగా వస్తే "త్వరగా కానివ్వు" అని అర్థం.

ఆఫీసులో ఇదే పాఠం కాస్త వేరుగా పనిచేస్తుంది. మాదాపూర్‌లోని ఏ సమావేశంలోనైనా వినబడే వాక్యం: "శుక్రవారానికి అయిపోతుందండీ, కాకపోతే..." పైవారు "మంచిది" అని పక్కవారి వైపు తిరిగిపోతారు. ఆ "కాకపోతే" వెనక ఏముందో గురువారం రాత్రి బయటపడుతుంది. నా మటుకు నాకు "అయిపోతుంది" కంటే "కాకపోతే" విలువైన మాట. అలాగే "చూద్దాం లెండి" అంటే చాలాసార్లు వద్దనే. "ఏమీ లేదండీ" అంటే ఏదో ఉంది.

అప్పుడేం చేయాలి? "కాకపోతే?" అని ఆ మాటనే మెల్లగా తిరిగి అందించి ఆగండి. విన్నదాన్ని మన మాటల్లో చెప్పి సరిచూసుకోవడం మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1950లలోనే చెప్పిన పద్ధతి. చిలకపలుకుల్లా మొత్తం అప్పగిస్తే వెక్కిరించినట్టుంటుంది. తెలుగులో ఒక్క "అంటారా" చాలు: "శుక్రవారం కష్టమంటారా?" తప్పయితే వారే దిద్దుతారు.

ఈ వారం అభ్యాసానికి మెట్రో వద్దు; ప్రకటనల గోలలో మూడు సెకన్లు కూడా దొరకవు. ఒక స్నేహితుణ్ణి ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లండి. ఆయన వాక్యం ముగిసిన ప్రతిసారీ చాయ్ కప్పు ఎత్తి ఒక గుటక తాగండి. నోటికి పని ఉంటే ఆగడం సులువు. నాలాంటి తొందర మనుషులకు ఉస్మానియా బిస్కెట్ కూడా అవసరం. క్రియ వినబడ్డాక మీరు ఆగిన ఒక సందర్భాన్ని, ఆ తర్వాత ఆయన కొత్తగా చెప్పిన మాటను రాసి పెట్టుకోండి. వచ్చే వారం దానితోనే పని.

మా ఇంట్లో ఈ ఏడు వడియాలు దుకాణంలో కొన్నాం. వాటిలో ఉప్పెక్కువైందని అమ్మ పావుగంట చెప్పింది. మొత్తం విన్నాను.