లైకుల లెక్క మానేశాక

మా ఫొటోగ్రఫీ గ్రూపు పోటీలో మూడు నెలలు వరసగా ఒకరే గెలిచారు. ఫొటోలు బాగానే ఉండేవి, కానీ బహుమతి లైకులను బట్టి ఇచ్చేవాళ్లం. స్నేహితులు ఎక్కువున్నవాళ్లదే గెలుపు. కొత్తవాళ్లు పంపడమే మానేశారు. అది నన్ను చాలా బాధపెట్టింది.

లైకులు పక్కన పెట్టేశాను. ఫొటోలన్నీ నాకే పంపమని చెప్పి, పేర్లు తీసేసి, నంబర్లు వేసి ఐదుగురు జడ్జీలకు ఇచ్చాను. జడ్జీలు ఆ నెల పోటీలో ఉండకూడదు. అయినా మొదటిసారి పొరపాటు దొర్లింది. ఫైలు లోపల దాగి ఉండే ఎగ్జిఫ్ వివరాల్లో కెమెరా యజమాని పేరు అలాగే ఉండిపోయింది! ఒక జడ్జి చెప్పాక, ఆ వివరాలు చెరిపేసిన కాపీలు మళ్లీ పంపాను. ఒరిజినల్స్ నా దగ్గరే ఉంచుకున్నాను, ఫొటో ఎవరిదన్న పేచీ వస్తే చూడటానికి.

మార్కుల్లో సగటు కాకుండా మధ్యగతం, అంటే మార్కులను వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది, తీసుకున్నాం. 8, 8, 7, 8, 1 వస్తే సగటు 6.4కి పడిపోతుంది, మధ్యగతం 8 దగ్గరే ఉంటుంది. ఒక్కరి కోపానికి మంచి ఫొటో బలి కాదు.

ఫొటోలు పంపే గడువు ఏ టైమ్‌జోన్ ప్రకారమో కూడా ముందే రాసిపెట్టాం.

చివర్లో మార్కుల పట్టిక మొత్తం అందరికీ చూపించాను. గెలవని ఒకామె తన నంబరు వెతుక్కుని, "నాకు 7 వచ్చిందా! వచ్చే నెల మళ్లీ పంపుతా" అని రాసింది.