టెక్సాస్‌లో గడ్డకట్టే చలికి కరెంటు పోతే: ఇక్కడి నుంచి పిల్లలకు ఏం చెప్పాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చదువుకో ఉద్యోగానికో టెక్సాస్ వెళ్లిన పిల్లలున్న కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి, తీగలు తెగి ఉద్దానం చీకట్లో మగ్గింది. అందుకే కరెంటు పోయిందంటే లైను పడిపోయిందనే మనం అనుకుంటాం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో చాలాచోట్ల తీగలు నిలిచే ఉన్నాయి, వాటిలోకి పంపడానికి సరిపడా కరెంటే లేకపోయింది. చెప్పవలసిన జాగ్రత్తలు ఈ తేడాను బట్టే మారతాయి.

ముందుగా, పిల్లలున్న ఊరు ఏ గ్రిడ్ (విద్యుత్ కేంద్రాలను, లైన్లను కలిపే వల) కిందికి వస్తుందో తెలుసుకోండి. టెక్సాస్‌లో అధిక భాగానికి ఎర్కాట్ అనే సంస్థ నడిపే గ్రిడ్ విడిగా ఉంది. కేంద్ర ప్రభుత్వ నియంత్రణ కిందికి రాకుండా ఉండేందుకే దాన్ని అలా ఉంచుకున్నారు. పొరుగు గ్రిడ్‌ల నుంచి డీసీ లింకుల (రెండు గ్రిడ్‌ల మధ్య పరిమితంగా కరెంటు పంపే ప్రత్యేక ఏర్పాట్ల) ద్వారా తెచ్చుకోగలిగేది సుమారు 1,200 మెగావాట్లే. మన దక్షిణాది గ్రిడ్ కూడా 2013 చివరి దాకా మిగతా దేశంతో ప్రధానంగా గాజువాకలో ఉన్నటువంటి డీసీ లింకులతోనే ముడిపడి ఉండేది. టెక్సాస్‌లోనే ఉన్నా అమెరికా పశ్చిమ గ్రిడ్ కిందికి వచ్చే ఎల్ పాసో నగరానికి ఆ ఫిబ్రవరిలో పెద్ద ఇబ్బంది రాలేదు.

హీటర్ల వాడకం విపరీతంగా పెరిగిన సమయంలోనే గ్యాస్ బావుల దగ్గర నీరు గడ్డకట్టి సరఫరా పడిపోయింది, గ్యాస్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి ఆగాయి. గాలిమరల రెక్కలకు మంచు పట్టింది, ఒక అణు యూనిట్ కూడా సన్నని గొట్టంలో నీరు గడ్డకట్టి ఆగింది. లోటును సర్దడానికి కోతలు పెడితే, ఆ కోతల్లో గ్యాస్‌ను గొట్టాల్లోకి నెట్టే కొన్ని కంప్రెసర్లకే కరెంటు పోయి లోటు ఇంకా పెరిగింది. 15వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలు కావస్తుండగా, అంటే మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, 60 హెర్ట్జ్ ఉండవలసిన ఫ్రీక్వెన్సీ (వాడకానికి సరిపడా కరెంటు లేకపోతే పడిపోయే గ్రిడ్ కొలత) 59.3కి దిగింది. 59.4 కన్నా దిగువన తొమ్మిది నిమిషాలు నిలిచి ఉంటే మరిన్ని కేంద్రాలు వాటంతటవే విడిపోయి గ్రిడ్ మొత్తం కూలేది. నాలుగున్నర నిమిషాల లోపే, భారీ కోతలతో దాన్ని పైకి లాగారు. కోత దాదాపు 20,000 మెగావాట్లకు చేరడంతో, ఆసుపత్రులున్న లైన్లను కోత నుంచి మినహాయించాక వంతులవారీగా తిప్పడానికి లైన్లే మిగలలేదు. అందుకే ఒక వీధిలో దీపాలు వెలుగుతుంటే పక్క వీధి రోజుల తరబడి చీకట్లో ఉంది.

కాబట్టి గంటలో వస్తుందిలే అని కూర్చోవద్దని, చలి హెచ్చరిక వచ్చిన రోజే సిద్ధపడమని చెప్పండి. ఫోన్లు, పవర్ బ్యాంకులు నిండుగా ఛార్జి చేసుకోవాలి, బాత్‌టబ్బులో, బిందెల్లో నీళ్లు పట్టుకోవాలి, పైపుల్లో నీరు గడ్డకట్టకుండా కుళాయిని సన్నధారగా వదిలి సింకు కింది అల్మారా తలుపులు తెరిచి ఉంచాలి. పైపు పగిలితే నీటిని కట్టేసే వాల్వు ఎక్కడుందో ఇంటి యజమానిని ఇప్పుడే అడగాలి. కరెంటు పోయాక అందరూ ఒకే గదిలో చేరి, కిటికీలకు దుప్పట్లు కట్టుకోవాలి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసిన మాట వేరే ఉంది. చలికి కుంపటి పెట్టుకోవడం మనకు అలవాటే గానీ, తలుపులు బిగించిన ఇంట్లో బొగ్గుల పొయ్యి, గ్యారేజీలో నడుస్తున్న కారు, వరండాలో జనరేటరు ప్రాణం తీస్తాయి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఆ ఫిబ్రవరిలో కుటుంబాలకు కుటుంబాలే దాని బారిన పడ్డాయి. జనరేటరును ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టాలి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం గదిలో ఉందో లేదో ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి, లేకపోతే శీతాకాలం రాకముందే కొనిపించండి.