కథ తిరిగొచ్చిన రోజే మళ్లీ పంపండి

పత్రికకు పంపిన కథ తిరిగొస్తే మనసు చివుక్కుమంటుంది. నా మొదటి కథ తిరిగొచ్చాక ఏడాది పాటు కలం ముట్టలేదు. "నీకెందుకమ్మా ఈ రాతలు" అన్న మా పెద్దమ్మ మాటే చెవిలో మోగేది.

ఇప్పుడు కథ పంపేముందే నోటుబుక్కులో దాని పేరు, తేదీ, పక్కనే తర్వాత పంపాల్సిన రెండు పత్రికల పేర్లు రాసుకుంటాను. తిరిగొచ్చిన సాయంత్రమే ఒకసారి పైకి చదివి, నాలుక తడబడ్డ వాక్యాలు మాత్రం సరిచేసి, కథతో పాటు జతచేసే హామీపత్రంలో పత్రిక పేరు, తేదీ మార్చి పంపేస్తాను. ఒకే కథ ఒకేసారి రెండుచోట్లకు మాత్రం వద్దు. వేరెక్కడా పరిశీలనలో లేదని ఆ పత్రంలో సంతకం పెట్టేది మనమే కదా! సంక్రాంతి కథైతే రెండు నెలల ముందే పంపండి. ఈలోగా ఇంకో కథ మొదలుపెడితే జవాబు కోసం ఎదురుచూసే టెన్షన్ సగం తగ్గుతుంది.