ఇంటికి డీవీఆర్ కొంటున్నారా? ముందు రికార్డింగ్ ఎన్ని రోజులు నిలుస్తుందో లెక్కేయండి

మేం విశాఖలోని లాసన్స్ బే కాలనీలో ఉంటాం. రెండేళ్ల కిందట పెళ్లికని శ్రీకాకుళం వెళ్లి, అట్నుంచి ఇంకో రెండు ఊళ్లు తిరిగి తొమ్మిది రోజులకి ఇంటికొస్తే, మెట్ల కింద పెట్టిన మా అబ్బాయి సైకిల్ లేదు. నాలుగు కెమెరాలున్నాయి కదా, ఎవరో తెలిసిపోతుందిలే అని డీవీఆర్ (కెమెరాల వీడియోని రికార్డ్ చేసి దాచే పెట్టె) ముందు కూర్చుంటే ఐదు రోజుల వెనక్కి మాత్రమే దొరికింది, అంతకుముందువి చెరిగిపోయి వాటి మీదే కొత్తవి ఎక్కేశాయి. మేం వెళ్లిన మర్నాటి నుంచే సైకిల్ కనబడలేదని పక్కింటావిడ చెప్పారు. బిగించినతను "నెల రోజులుంటుంది సార్" అంటే నమ్మేశాం.

అందుకే ముందు ఈ లెక్క. డీవీఆర్ మెనూలో ఎన్‌కోడ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఒక్కో కెమెరాకి బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా రాస్తుందో, కిలోబిట్లలో కనబడుతుంది. 2048 అని ఉంటే సెకనుకి సుమారు 2 మెగాబిట్లు, అంటే గంటకి దాదాపు 900 ఎంబీ, రోజుకి 21-22 జీబీ. నాలుగు కెమెరాలు రాత్రీపగలూ రికార్డ్ చేస్తే రోజుకి 86 జీబీ పైనే. మా దాంట్లో వేసింది 500 జీబీ డిస్క్, ఇక ఐదు రోజులు కాక ఎన్ని వస్తాయి? 1 టీబీ వేస్తే పదకొండు రోజులు, 2 టీబీ అయితే ఇరవై రెండు. బిట్‌రేట్ 4096 పెడితే ఇవన్నీ సగానికి పడిపోతాయి.

వీడియోని కుదించే పద్ధతుల్లో హెచ్.265 ఉన్న డీవీఆరే తీసుకోండి. పాత హెచ్.264తో పోలిస్తే దాదాపు సగం బిట్‌రేట్‌లోనే అంత నాణ్యత ఇస్తుంది. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు, హెచ్.265 ఆన్ చేసి బిట్‌రేట్‌ని అలాగే వదిలేస్తే రోజులేమీ పెరగవు, దాన్ని కూడా దించాలి. దించాక రాత్రిపూట గేటు దగ్గర మనిషి ముఖం ఎలా వస్తోందో చూసి, చాలకపోతే ఆ ఒక్క కెమెరాకి మళ్లీ పెంచుకోండి.

అట్ట పెట్టె మీద 1080ఎన్ అని ఉంటే ఆగండి. అసలు 1080పి అంటే 1920 x 1080, 1080ఎన్ అంటే 960 x 1080, అడ్డంగా సగమే. రెండు మెగాపిక్సెల్ కెమెరా కొని ఈ పెట్టెకి తగిలిస్తే బండి నంబర్ చదవాల్సిన రోజున ఆ తేడా బాగా తెలుస్తుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే ఫ్రేమ్‌ల (సెకనుకి తీసే బొమ్మల) దగ్గర తగ్గండి, ఇంటికి సెకనుకి 15 ఫ్రేమ్‌లు చాలు.

డిస్క్ మాత్రం సీసీటీవీ కోసం చేసిందే అడగండి, డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి. ఇవి 24 గంటలూ రాస్తూ ఉండటానికే చేసినవి. పాత కంప్యూటర్‌లోంచి తీసింది వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఛానళ్ల (ఎన్ని కెమెరాలు తగిలించొచ్చో ఆ లెక్క) సంగతంటారా, నాలుగు కెమెరాలు పెట్టేవాళ్లు ఎనిమిది ఛానళ్లది తీసుకుంటే రేపు మేడ మీద పోర్షన్ వేసినప్పుడు పెట్టె మార్చక్కర్లేదు.

బీచ్ వైపు ఇళ్లవాళ్లకి ఉప్పుగాలి ఇంకో బాధ. బయట గోడ మీద బీఎన్‌సీ కనెక్టర్లు (కెమెరా వైరు చివర తగిలించే లోహపు ముక్కలు) చిలుము పట్టి బొమ్మ గీతలు గీతలుగా వస్తుంది, అందరూ కెమెరా పోయిందనుకుంటారు. జాయింట్లన్నీ మూతున్న ప్లాస్టిక్ బాక్సులో పెట్టించండి. మోషన్ రికార్డింగ్ (ఏదైనా కదిలినప్పుడే రికార్డ్ చేయడం) పెట్టుకుంటే డిస్క్ చాలా ఆదా అవుతుంది కానీ, కొబ్బరాకు ఊగినా అది మోషనే, మన గాలికి రోజంతా రికార్డ్ చేస్తూనే ఉంటుంది. మెనూలో చెట్టున్న భాగాన్ని ఏరియా సెట్టింగ్‌లో తీసేయండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడెవరూ మర్చిపోరు. అంత కాకపోయినా మామూలు కోతలకైనా డీవీఆర్ అడాప్టర్, కెమెరాల పవర్ సప్లై రెండూ ఇన్వర్టర్ లైన్‌లోనే ఉండాలి. ఒకటే ఉంటే లాభం లేదు. నెట్ లేకపోయినా రికార్డింగ్ ఆగదు, ఫోన్‌లో చూడాలంటే మాత్రం రౌటర్‌కి కూడా కరెంటుండాలి.

పాస్‌వర్డ్ వెంటనే మార్చేయండి, బిగించినతనికి తెలిసినది ఉంచొద్దు. తేదీ, టైమ్ సరిచూడండి, గంట తేడా ఉన్నా పోలీసులకి ఇచ్చేటప్పుడు తలనొప్పే.

పని పూర్తయిందనగానే లైవ్ బొమ్మ చూసి డబ్బిచ్చేయకండి. ఒక రాత్రి గడవనిచ్చి, మర్నాడు ప్లేబ్యాక్‌లో తెల్లవారుజామున రెండు గంటలకి వెళ్లి, పది నిమిషాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి (పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసుకోండి, చాలా డీవీఆర్‌లు అదే తీసుకుంటాయి), ఆ ఫైల్ మీ కంప్యూటర్‌లో తెరుచుకున్నాకే మిగతా డబ్బులివ్వండి.