వీడియో క్యాష్ పాఠాలు – 3: సెగ్మెంట్లు దాచాలి, ప్లేలిస్ట్ ఎక్కువసేపు దాచకూడదు

గత పాఠంలో ఇంజిన్‌ఎక్స్ (nginx) అనే వెబ్ సర్వర్‌ను రివర్స్ ప్రాక్సీగా, అంటే అసలు సర్వర్‌కు ముందుండే మధ్యవర్తిగా నిలబెట్టాం. ల్యాబ్ కంప్యూటర్లు వీడియో కోసం దాన్నే అడుగుతున్నాయి, అది అసలు సర్వర్ నుంచి తెచ్చిస్తోంది. కానీ తెచ్చింది దాచుకోవడం (క్యాష్ చేయడం) లేదు. 60 మంది ఒకే క్లాసును 1.5 ఎంబీపీఎస్‌లో చూస్తే బయటి లైన్ మీద 90 ఎంబీపీఎస్ పడుతుంది. 50 ఎంబీపీఎస్ లైనైతే అందరి తెర మీదా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ 90ని 1.5 దగ్గరకు దించడమే ఈ పాఠం.

ఇది మీ సొంత సర్వర్‌కు, లేదా అనుమతి ఉన్న సర్వర్‌కే పనికొస్తుంది. యూట్యూబ్ వీడియోలు హెచ్‌టీటీపీఎస్‌లో ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి కాబట్టి మధ్యలో ఉన్న ప్రాక్సీ వాటిని దాచలేదు.

వీడియోను చిన్న ముక్కలుగా పంపే పద్ధతి హెచ్‌ఎల్‌ఎస్. అందులో ప్లేలిస్ట్ (.ఎం3యూ8) ఆ ముక్కల పేర్లుండే చిన్న టెక్స్ట్ ఫైల్. వీడియో ఉండేది ఆ ముక్కల్లో, అంటే సెగ్మెంట్లలో (.టీఎస్). సెగ్మెంట్ ఒకసారి తయారయ్యాక మారదు, ఎన్ని రోజులైనా దాచుకోవచ్చు. లైవ్‌లో ప్లేలిస్ట్ మాత్రం కొన్ని సెకన్లకోసారి మారుతుంది. దాన్ని నిమిషం పాటు దాచారా, ప్లేయర్‌కు కొత్త సెగ్మెంట్ల పేర్లు అందక లైవ్ ఆగిపోతుంది. అందుకే రెండింటికీ ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ ఫైల్‌లో వేర్వేరు లొకేషన్ బ్లాకులు (ఒక్కో రకం చిరునామాకు ఒక్కో నియమాల గుంపు) రాయండి: .టీఎస్‌కు ప్రాక్సీ_క్యాష్_వ్యాలిడ్ 200 7డీ (సరిగ్గా వచ్చిన జవాబును 7 రోజులు దాచు), .ఎం3యూ8కు 200 1ఎస్ (1 సెకనే దాచు).

ఇప్పుడు డిస్క్ లెక్క. 1.5 ఎంబీపీఎస్ వీడియో గంటకు 675 ఎంబీ. 6 సెకన్ల సెగ్మెంట్ 1.1 ఎంబీ పైచిలుకు. మ్యాక్స్_సైజ్ (క్యాష్‌కు ఇచ్చే డిస్క్ చోటు) 20జీ ఇస్తే 29 గంటల వీడియో, 18 వేల దాకా ఫైళ్లు పడతాయి. కీస్_జోన్‌లో (దాచిన ఫైళ్ల గుర్తులు, అంటే కీలు, ఉండే మెమరీ) ఒక ఎంబీకి 8 వేల కీలు పడతాయి కనుక 10ఎం ధారాళంగా చాలు. అదే ప్రాక్సీ_క్యాష్_పాత్ వరుసలో ఇన్‌యాక్టివ్=7డీ తప్పకుండా రాయండి. రాయకపోతే 10 నిమిషాలు ఎవరూ అడగని ఫైల్‌ను, వ్యాలిడ్‌లో ఎంత గడువిచ్చినా సరే, ఇంజిన్‌ఎక్స్ తీసేస్తుంది. పొద్దున బ్యాచ్ చూసిన వీడియోను మధ్యాహ్నం బ్యాచ్ కోసం మళ్లీ బయటి నుంచే తేవాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం ప్రాక్సీ_క్యాష్_లాక్ ఆన్. క్లాసు మొదలవగానే 60 ప్లేయర్లూ ఒకే సెగ్మెంట్‌ను ఒకేసారి అడుగుతాయి. అప్పటికి అది క్యాష్‌లో ఉండదు. లాక్ లేకపోతే 60 అభ్యర్థనలూ బయటికి పోతాయి. లాక్ ఉంటే ఒక్కటే పోతుంది, మిగతా 59 ఆగుతాయి. అయితే ఆ ఆగడానికి గడువు మామూలుగా 5 సెకన్లే. లైన్ నెమ్మదించి సెగ్మెంట్ రావడానికి 7 సెకన్లు పట్టిందనుకోండి, ఆగినవన్నీ 5వ సెకనులో బయటికి పరుగెడతాయి, పైగా అలా తెచ్చినవి క్యాష్‌లో చేరవు. అప్పటికే నెమ్మదించిన లైన్ పూర్తిగా కూలబడుతుంది. ప్రాక్సీ_క్యాష్_లాక్_టైమౌట్ (మిగతావి ఆగే గడువు), ప్రాక్సీ_క్యాష్_లాక్_ఏజ్ (మొదటిది ఇంతలో పూర్తికాకపోతే మరొకదాన్ని పంపే గడువు) రెండూ 20ఎస్‌కు పెంచండి.

పరీక్షించడానికి యాడ్_హెడర్‌తో ఎక్స్-క్యాష్-స్టేటస్‌కు $అప్‌స్ట్రీమ్_క్యాష్_స్టేటస్ విలువ జోడించి, కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి యూఆర్‌ఎల్‌ను అడిగే సాధనం) ఒకే సెగ్మెంట్‌ను రెండుసార్లు అడగండి. మొదట మిస్ (క్యాష్‌లో లేదు), తర్వాత హిట్ (క్యాష్ నుంచే వచ్చింది) రావాలి.

రెండోసారీ మిస్సే వస్తే అసలు సర్వర్ పంపే హెడర్లు (జవాబుతో పాటు వచ్చే సమాచార వరుసలు) చూడండి. సెట్-కుకీ ఉన్నా, క్యాష్-కంట్రోల్‌లో నో-క్యాష్ ఉన్నా ఇంజిన్‌ఎక్స్ దాచదు. మీ వ్యాలిడ్ గడువు కన్నా ఆ హెడర్ల మాటే చెల్లుతుంది. .టీఎస్ బ్లాకులో మాత్రమే ప్రాక్సీ_ఇగ్నోర్_హెడర్స్‌తో వాటిని పక్కనపెట్టండి. ఒక్కరికి హిట్ వస్తూ, పక్కవారికి మిస్ వస్తుంటే యూఆర్‌ఎల్ చివర ఒక్కో విద్యార్థికి ఒక్కో టోకెన్ (అనుమతి గుర్తు) ఉందేమో చూడండి. ఉంటే ప్రాక్సీ_క్యాష్_కీలో $యూఆర్‌ఐ (ప్రశ్న గుర్తు తర్వాతి భాగం లేని చిరునామా) ఒక్కటే పెట్టాలి. అలా పెట్టాక టోకెన్ లేనివారికీ క్యాష్ నుంచి వీడియో వెళ్లిపోతుంది. కాబట్టి ఆథ్_రిక్వెస్ట్‌తో టోకెన్ తనిఖీ పెట్టకుండా ఈ మార్పు చేయకండి.

యాక్సెస్ లాగ్‌లో .ఎం3యూ8 వరుసలే ఉండి .టీఎస్ ఒక్కటీ కనబడకపోతే, ప్లేలిస్ట్‌లో సెగ్మెంట్ల పేర్లు అసలు సర్వర్ పూర్తి చిరునామాతో ఉన్నట్టే. ప్లేయర్ మీ ప్రాక్సీని దాటి నేరుగా అక్కడికి పోతోంది. వీడియో తయారుచేసే చోటే రిలేటివ్ పాత్‌లు (సర్వర్ పేరు లేని చిరునామాలు) వచ్చేలా మార్పించండి.

వచ్చే పాఠం: పెద్ద ఎంపీ4 ఫైళ్లను స్లైస్ మాడ్యూల్‌తో 1 ఎంబీ ముక్కలుగా దాచడం. మీ ఇంజిన్‌ఎక్స్‌లో ఆ మాడ్యూల్ ఉందో లేదో పెద్ద వి ఆప్షన్‌తో (nginx -V) ఈలోగా చూసి ఉంచండి.